చదువుకోవడానికి వచ్చే పిల్లలు కాలుష్యమట!

నిన్న సాయంత్రం ఇక్కడ కాలిఫోర్నియాలో మా తలుపు తట్టి, విద్యార్థుల వసతి భవనం వద్దంటూ సంతకం అడిగిన పెద్దమనిషి మన తెలుగువారే. కరపత్రం మీద ఓక్ చెట్టు బొమ్మ, దాని కింద పర్యావరణాన్ని కాపాడుదామన్న నినాదం. తీరా చదివితే, ఆ భవనం రాబోయేది కార్లు నిలిపే తారు స్థలంలో. చెట్టు మాట దేవుడెరుగు, అక్కడ గడ్డిపరకైనా లేదు. తమ అబ్బాయి బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేశాడనీ, సీటొస్తే గది దొరుకుతుందో లేదోననీ ఆయనే బెంగపడ్డారు!

కాలిఫోర్నియా పర్యావరణ నాణ్యతా చట్టం 1970లో వచ్చింది, ప్రభుత్వ సంస్థలు ముందూ వెనకా చూడకుండా ప్రకృతిని పాడుచేయకూడదని. ఆ చట్టాన్నే పట్టుకుని బర్క్‌లీ ఇరుగుపొరుగువారు కోర్టుకెక్కి, విద్యార్థుల సంఖ్య పెరగడమే ముప్పని వాదించగా, 2021లో కోర్టు ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల నమోదును 42,347 దగ్గర ఆపమంది. 2022 మార్చిలో రాష్ట్ర సుప్రీంకోర్టు సైతం జోక్యానికి ఒప్పుకోలేదు. మూడు వేల పైచిలుకు సీట్లకు ఎసరు వచ్చాక గానీ శాసనసభ మేలుకోలేదు. మేలుకున్నాక ఒక్క వ్యతిరేక ఓటైనా లేకుండా ఆ నెలలోనే చట్టాన్ని సవరించింది.

హాస్టళ్లు కట్టకుండా పిల్లలను చేర్చుకుంటున్నారన్నది ఆ ఇరుగుపొరుగువారి ఫిర్యాదు. సరే, బర్క్‌లీలో విశ్వవిద్యాలయానికే చెందిన పీపుల్స్ పార్కు స్థలంలో సుమారు 1,100 మందికి వసతి కడతామంటే దాని మీదా దావాయే! విద్యార్థుల పార్టీల చప్పుడును కూడా పర్యావరణ ప్రభావంగా పరిశీలించాల్సిందేనని 2023లో అప్పీలు కోర్టు చెబితే, ఆ చిక్కుముడి విప్పడానికి మరో చట్టమూ, 2024 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పూ కావలసి వచ్చాయి. ఆదివారం తెల్లవారకముందే ఈ పెద్దల పెరళ్లలో మోగే ఆకులు ఊదే యంత్రాలది మాత్రం కోకిల గానం కాబోలు. ఊళ్లో గది దొరకని పిల్ల గంట దూరం నుంచి రోజూ కారులో వస్తే, ఆ పొగను ఎవరి ఖాతాలో రాస్తారు?

నాకు అసలు మంట మనవాళ్ల మీదే. ఎమ్మెస్ చదివే రోజుల్లో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్లో ఆరుగురం సర్దుకుని, ఇండియా మ్యాచ్ ఉన్న రాత్రి తెల్లవార్లూ కేకలు పెట్టినవాళ్లమే కదా? అప్పుడు మన మీద ఎవరూ పర్యావరణ నివేదిక రాయించలేదు. ఇల్లు కొని తాళంచెవులు చేతికి రాగానే ట్రాఫిక్, నీడ, పార్కింగ్ అంటూ మనమే గడపగడపకూ తిరిగి సంతకాలు పోగేస్తున్నాం.