ఒంట్లో తయారయ్యే పెరాక్సైడ్ విషమా?

"మన ఒంట్లోనే ఒక ఎంజైమ్ హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే విషాన్ని తయారుచేస్తోంది. బీపీ, షుగర్, క్యాన్సర్ అన్నిటికీ మూలం అదే. రోజూ యాంటీ ఆక్సిడెంట్ మాత్ర వేసుకుంటే ఆ విషం పోతుంది." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది.

మొదట ఆ విషం సంగతి. ఆ ఎంజైమ్ పేరు ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్, పొట్టిగా నాక్స్. అందులో నాక్స్-2 రకం తెల్ల రక్తకణాల్లో ఉంటుంది. కణం బ్యాక్టీరియాను మింగగానే ఇది పనిలోకి దిగుతుంది. దీనివల్ల పుట్టే పెరాక్సైడ్ ఆ క్రిమిని చంపడానికి తోడ్పడుతుంది. పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయని పిల్లలున్నారు. ఆ జబ్బును సీజీడీ (క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్) అంటారు, మగపిల్లల్లో ఎక్కువ. లివర్‌లో చీముగడ్డలు, మళ్లీ మళ్లీ న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో ఫంగస్. మన దగ్గర పుట్టగానే వేసే బీసీజీ టీకా కూడా వీళ్లలో కొందరికి చంకలో గడ్డలై ఇబ్బంది పెడుతుంది. పరీక్ష చేసేటప్పుడు కాస్త రక్తం తీసి, తెల్లకణాలను రెచ్చగొట్టి, ఒక రంగు కలుపుతారు. పెరాక్సైడ్ పుడితే ఆ కణాలు వెలుగుతాయి. ఈ పిల్లల కణాలు వెలగవు. పెరాక్సైడ్ ఉత్త విషమే అయితే, అది తయారుకాని పిల్లలు అందరికంటే ఆరోగ్యంగా ఉండాలి కదా!

థైరాయిడ్ గ్రంథిలో డ్యూయాక్స్-2 అనే మరో రకం ఉంది. అది ఇచ్చే పెరాక్సైడ్ లేకపోతే అయోడిన్ హార్మోన్‌లోకి చేరదు.

ఇక "అన్నిటికీ మూలం" అన్న మాట. నాక్స్ అతిగా పనిచేస్తే రక్తనాళాలు దెబ్బతింటాయి, ఇది నిజమే. కానీ బీపీకి ఉప్పు, బరువు, వంశం, కిడ్నీలు ఇలా ఎన్నో కారణాలు. పైగా నాక్స్-4 అనే రకం ఎలుకల రక్తనాళాలను కాపాడుతున్నట్టు కనిపించింది.

అసలు ప్రమాదం మాత్ర దగ్గరే ఉంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన పరిశీలన ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. మరో యాంటీ ఆక్సిడెంట్ అయిన విటమిన్-ఇ మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలనలోనూ ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువైంది. కీమో, రేడియేషన్ జరుగుతున్నవాళ్లు ఆ మెసేజ్ చూసి మాత్రలు కొనే ముందు తమ డాక్టర్‌ని తప్పకుండా అడగాలి.