అటక మీది ఆస్తి

కాళ్లూ చేతులూ ఆడుతుండగానే వీలునామా రాసేస్తే మంచిదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లాను. "సర్వే నంబరు?" అన్నాడు. లేదన్నాను. "పోనీ హద్దులు?" అవి ఉన్నాయి. తూర్పున పాత కూలర్, పడమర పెళ్లినాటి గంగాళం, ఉత్తరాన బొమ్మల కొలువు పెట్టె, దక్షిణాన నిచ్చెన. మధ్యలో నా కవితా సంపుటాలు, 425 కాపీలు. అన్నీ స్వార్జితం. అచ్చుకు చేసిన అప్పు కూడా.

తెలుగు కవి ఏమీ మిగల్చకుండా పోతాడని లోకం అనుకుంటుంది. తప్పు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల పాటు ఆ హక్కు వారసులదే. వాళ్ల అనుమతి లేకుండా నా పుస్తకాన్ని ఎవడూ అచ్చువేయకుండా మావాళ్లు అన్నేళ్లూ కాపలా కాయాలి. నేను బతికుండగా అనుమతి ఇస్తాను మొర్రో అన్నా ఎవరూ వేయలేదు, అది వేరే సంగతి. ఆలోచనలకైతే కాపీరైటే లేదట, రాసిన తీరుకే ఉంటుందట. అందుకని వాటిని ఊరందరికీ రాసిచ్చేశాను. కొందరు మిత్రులు నా తదనంతరం దాకా ఆగలేక ముందే పట్టుకెళ్లారు.

పంపకాల దగ్గర పిల్లలు కొట్టుకుంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా 1985 నుంచే వర్తించేలా చట్టం చేసిన రాష్ట్రం మనది. కేంద్రానికి ఆ బుద్ధి 2005లో గానీ పుట్టలేదు. ఊళ్లో ఎకరం దగ్గర ఈ చట్టం ఎత్తితే మొహం మాడ్చుకునే మా అబ్బాయి, ఈసారి "మొత్తం అక్కకే ఇచ్చెయ్ నాన్నా" అన్నాడు. "వంశోద్ధారకుడు వాడు కదా, వాడికే ఉండనీ" అంది అమ్మాయి. ఇంత త్యాగం మా ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

తెల్లకాగితం చాలట, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదట. సాక్షులు మాత్రం ఇద్దరుండాలి. లోపల ఏముందో వాళ్లు చదవనక్కర్లేదు, నా సంతకానికి సాక్ష్యం చెబితే సరి. నా పుస్తకావిష్కరణ సభల్లో మాట్లాడిన ఇద్దరిని పిలిపించాను. చదవకుండా సాక్ష్యమివ్వడం వాళ్లకు అలవాటే.

"దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో" అని రాస్తూ లేఖరి 'విక్రయ' దగ్గర ఆగి ఒకసారి నా మొహం చూశాడు. కొట్టేయలేదు, మర్యాదస్తుడు. ఆ మర్యాదకు కరిగిపోయి, ఫీజుతో పాటు ఓ సంపుటం సంతకం చేసి ఇవ్వబోయాను.

"వద్దు సార్, ఫీజులోనే ఓ వంద తగ్గించుకుంటాను" అన్నాడు.