లేయర్ 14 గారికి

మహారాజశ్రీ లేయర్ 14 గారికి,

ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం. నా సంగతి నిన్న మధ్యాహ్నం కళ్లారా చూశారు.

ఆదివారం భోజనం మానేసి, స్టైలస్ పట్టుకుని స్క్రీన్ మీద బొమ్మ వేస్తూ కూర్చున్నాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజు పలకల్లాంటి లేయర్ల మీద, ఒక్కో వస్తువుకు ఒక్కో లేయర్. కిటికీ పక్కన స్టీలు పళ్లెం, అందులో ఒకే ఒక్క బంగినపల్లి. నీడలో నలుపు కలిపితే పండు కమిలినట్టు కనిపిస్తుందని ఆరు బొమ్మలు పాడయ్యాక తెలిసింది కాబట్టి, ఈసారి ఇటుక రంగులో కొంచెం ఆకుపచ్చ కలిపాను. పళ్లెం నుంచి తిరిగి కొట్టే వెలుగును పండు అడుగున సన్నటి చారలా పెట్టాను. ముచ్చిక దగ్గర సొన కారి ఎండిన మరకనూ వదల్లేదు. ఇక తొక్క మీద లేత చుక్కలు. బ్రష్‌తో ఒకేసారి చల్లితే తట్టు పోసినట్టుంటుందని ఒక్కోటీ ఒక్కో సైజులో విడివిడిగా పెట్టాను. రెండున్నర గంటలు.

అన్నీ తమరి మీద పెట్టానట. తమరు పళ్లెం.

కాస్త కుడికి జరుపుదామని పళ్లాన్ని లాగితే చుక్కలన్నీ సామాన్లు సర్దుకుని దాని వెంట బయల్దేరాయి. పండు తిరుపతి వెళ్లి గుండు చేయించుకొచ్చినట్టు నున్నగా మిగిలింది.

పళ్లెం ముందు అంచు పండుకు అడ్డం రావాలి కాబట్టి తమరిని పైన కూర్చోబెట్టింది నేనే. పేరు పెట్టకుండా 14 అని వదిలేసిందీ నేనే. ఒప్పుకుంటాను. కానీ ఊళ్లో చుక్కలన్నీ వచ్చి మీద పడుతుంటే పళ్లానికి ఒక్కసారైనా దురద పుట్టదా? అన్‌డూ నొక్కీ నొక్కీ వేలు వాచింది గానీ అది సగం దారిలోనే చేతులెత్తేసింది. చుక్కల చుట్టూ గీత గీసి లాసోతో కత్తిరించొచ్చుగా అనే పండితులు ఆగండి, కింది చుక్కల్ని స్టీలు మెరుపులో కలిపి, వేలితో పులిమినట్టు స్మడ్జ్ చేసేశాను. రంగు కింది లేయర్ హద్దు దాటకుండా ఆపే క్లిప్పింగ్ మాస్క్ మాట ఎవరైనా ఎత్తితే ఊరుకోను.

1599 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో పళ్లబుట్ట గీశాడు, ఆపిల్‌కి పురుగు తొలిచిన కంతతో సహా. ఒకటే కాన్వాసు. ఆ కంత ఇవాళ్టికీ ఆపిల్ మీదే ఉంది, బుట్ట మీదికి పోలేదు. నీకేం రోగం? మూగదానిలా అన్నీ మీదేసుకుని కూర్చుంటావా? బుద్ధుందా అసలు?

స్టైలస్ చార్జింగ్ సరిగ్గా ముచ్చిక గీసేటప్పుడే అయిపోవడం గురించి ఇంకో ఉత్తరం రాస్తాను. గుండు పండు చూసి "ఏఐతో చేయించావా?" అన్న తమ్ముడికి ఉత్తరం కూడా దండగ.

సరే, పండును చూస్తూ మళ్లీ పెడదామని ఇవాళ పొద్దున లేచేసరికి పళ్లెం ఖాళీ.

"మగ్గిపోతోందని రాత్రే కోసేశానే. నీకో ముక్క ఫ్రిజ్‌లో ఉంచా" అంది అమ్మ.

టెంక అడిగి తెచ్చుకున్నాను. అదే పళ్లెంలో పెట్టి, కొత్త లేయర్ తెరిచి 'టెంక' అని పేరు రాశాను. తమరికి తాళం వేశాను. బంగినపల్లి కాబట్టి పీచు బాధ పెద్దగా లేదు. అదే రసాలయ్యుంటే ఒక్కో పోగూ గీస్తూ మనిద్దరం ఇంకో వారం మొహమొహాలు చూసుకోవాల్సి వచ్చేది.

ఇట్లు,
తమరి పైన కింద తెలియని
ఆర్టిస్టు