మాంటాక్ గుడారాల్లో ఎవరికి పాలు దక్కాయి?

(క్యూబాలో స్పెయిన్‌తో యుద్ధం ముగిశాక, 1898 ఆగస్టులో, మలేరియా, టైఫాయిడ్, పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) భయంతో 20,000 మందికి పైగా అమెరికన్ సైనికుల్ని న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలాండ్ కొసన ఉన్న మాంటాక్‌లో దించారు. ఆ శిబిరం పేరు క్యాంప్ వైకాఫ్. పెదనాన్న సైనిక ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఆ శిబిరంలో సైనికులకి అన్యాయం జరిగిందని శారద అనడంతో మాట మొదలైంది.)

పెదనాన్న: నేరుగా ఊళ్లోకి వదలమంటావా? పచ్చజ్వరమంటే న్యూయార్క్ హడలిపోయే రోజులవి. మూడు పక్కలా సముద్రం, జనం లేని చోటు. నేనైనా అక్కడే పెట్టేవాణ్ణి.

శారద: చోటును నేను తప్పుపట్టలేదు. ఓడలు వచ్చేసరికి గుడారాలు చాల్లేదు, ఆసుపత్రి పూర్తికాలేదు.

పెదనాన్న: ఎలా అవుతుందమ్మా? ఇక్కడే ఉంచితే సైన్యం మిగలదని ఆగస్టు 3న క్యూబాలోని శాంటియాగోలో జనరళ్లు, వాళ్లతో తర్వాత అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ ఉత్తరం రాశారు. రెండు వారాలు తిరక్కుండానే ఓడలొచ్చేశాయి. సామానుకి ఒకే రైలు పట్టా. ఆసుపత్రి కట్టేదాకా వాళ్లని క్యూబాలో ఉంచితే ఎంతమంది పోయేవాళ్లు?

శారద: ...అది కాదనలేను.

పెదనాన్న: దోమ సంగతే తెలీని కాలం.

శారద: తెలీకపోవడమేంటి! ఏడాది ముందే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు.

పెదనాన్న: చూశాడు. దోమకాటుతో వస్తుందని తేల్చింది 1898 జులైలో, కలకత్తాలో, అదీ పక్షుల్లో. పచ్చజ్వరం దోమ సంగతి హవానాలో 1900లో గానీ రుజువు కాలేదు. మన ఊరి పేరెత్తితే గెలిచినట్టు కాదు.

శారద: సరే, దోమని వదిలేయండి. తిండి మాటకు రండి. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మీరేం చేశారు? గంజి వార్చి, చెంచాతో పట్టారు. ఇడ్లీ అడిగితే వారం ఆగమన్నారు, నేను ఏడ్చాను. పేగు పుండై ఉంటుంది, గట్టిది దిగకూడదన్నారు. ఆ కాలపు డాక్టర్లూ టైఫాయిడ్‌కి పాలే చెప్పేవాళ్లు. మరి తొలిరోజుల్లో మాంటాక్‌లో దిగినవాళ్లకి పెట్టిందేమిటి? రాయిలాంటి సైన్యపు బిస్కెట్లు, ఉప్పు పట్టించిన పందిమాంసం. ఆ యుద్ధంలో తూటాలకి పోయింది 400 మంది లోపు; జబ్బులకి 2,000 మందికి పైగా.

పెదనాన్న: సెప్టెంబరు 3న అధ్యక్షుడు మెకిన్లీ వచ్చేనాటికి చాలా బాగుపడింది కదా.

శారద: ఆగస్టులో పోయినవాడికి ఆ బాగు అందిందా? పాలూ గుడ్లూ తెచ్చి పెట్టింది న్యూయార్క్ జనం, దాతలు. వాళ్లకి దొరికిన దారి ప్రభుత్వానికి దొరకలేదా?

పెదనాన్న: (చాలాసేపటికి) పాల మాట నిజమేనమ్మా.