లేని తీర్పుకు పేజీ సంఖ్య

2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఒక ఆదాయపన్ను మదింపు ఉత్తర్వును కొట్టివేసింది. అధికారి తన నిర్ణయానికి ఆధారంగా చూపిన మూడు తీర్పులు ఏ కోర్టూ ఇచ్చినవి కావు. అంతకు పది నెలల ముందు బెంగళూరులోని ఆదాయపన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ కూడా ఇలాగే లేని తీర్పులను ఉటంకిస్తూ ఒక ఉత్తర్వు ఇచ్చి, సంగతి బయటపడగానే దాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కక్షిదారులు కోర్టును తప్పుదోవ పట్టించడం మనకు కొత్త కాదు. ఈ రెండు సందర్భాల్లోనూ నేతి బీరకాయలో నెయ్యిని వడ్డించింది మాత్రం తీర్పు చెప్పే స్థానాల్లో కూర్చున్నవారు.

ఈ కథకు మొదలు న్యూయార్క్. ఏవియాంకా విమానయాన సంస్థపై ఒక ప్రయాణికుడు వేసిన దావాలో, అతని న్యాయవాది 2023లో అరడజను కల్పిత తీర్పులను చాట్‌జీపీటీ అనే కృత్రిమ మేధ యంత్రం నుంచి తెచ్చి కోర్టుకు సమర్పించారు. ఎదుటి పక్షం వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఆ తీర్పులు నిజమైనవేనా అని ఆ న్యాయవాది ఆ యంత్రాన్నే అడిగారు. నిజమేనని అది చెప్పింది, ఆయన నమ్మారు. అబద్ధమాడినవాణ్నే సాక్షిగా బోనెక్కించినట్టన్నమాట. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ వార్త చదివి నవ్వుకున్నవారిలో మన న్యాయవాదులూ ఆడిటర్లూ తక్కువేమీ కాదు.

పాతకాలపు ప్లీడరు గారి ఆఫీసు ఎరిగినవారికి ఆ గోడ పొడవునా ఉండే పుస్తకాల వరుస గుర్తుండే ఉంటుంది. 1914 నుంచి వచ్చిన తీర్పులున్న ఆల్ ఇండియా రిపోర్టర్ సంపుటాలు, వాటి వెన్నున బంగారు అక్షరాలు, పక్కనే మన ప్రాంతపు తీర్పుల సంచికలు. వాయిదా ముందురోజు రాత్రి జూనియర్ నిచ్చెన ఎక్కి పుస్తకాలు దింపేవాడు. కావలసిన పేజీల్లో కాగితపు చీటీలు పెట్టేవాడు. పొద్దున ఆ బరువును గుమాస్తా మోసేవాడు. సీనియర్ గారు చీటీ పెట్టిన పేజీతో ఆగకుండా ముందు నాలుగు పేజీలు, వెనుక నాలుగు పేజీలు తిరగేసి, ‘ఇది మనకు పనికిరాదోయ్, వాస్తవాలు వేరు’ అని పక్కన పెట్టేసేవారు. ఆ ఒక్కమాట కోసమే జూనియర్ ఏళ్లతరబడి నిచ్చెన ఎక్కేది.

ఆ రోజులు తిరిగి రావాలని మేము కోరుకోవడం లేదు. ఆ గోడ కట్టుకోగలిగినవారు ఎందరని? పాడేరులోనో అచ్చంపేటలోనో ప్రాక్టీసు పెట్టుకున్న తొలితరం న్యాయవాదికి ఆ సంపుటాల ఖరీదు ఏడాది సంపాదన. 2008లో ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైటు వచ్చి తీర్పులను ఉచితంగా వెతుక్కునే వీలు కల్పించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్వయంగా ఈ-ఎస్‌సీఆర్ ప్రారంభించి దాదాపు 34 వేల తీర్పులను అందరి ముందూ ఉంచింది. ఢిల్లీ సీనియర్ చదివే తీర్పునే పాడేరు జూనియర్ తన ఫోనులో అదే రోజు చదవగలుగుతున్నాడు. న్యాయవాద వృత్తిలో ఇంత పెద్ద సమానత్వం మరే సంస్కరణా తేలేదు.

చిక్కంతా ఆ చదవడం దగ్గరే ఉంది. పుస్తకంలో వెతికేవాడు దారిలో పది తీర్పులు చూసేవాడు. మాట కొట్టి వెతికేవాడికి ఆ మాట ఉన్న పేరా ఒక్కటే వచ్చి పడుతుంది. మన తీర్పుల తీరు తెలిసినవారికి ఇందులో ప్రమాదం ఇట్టే అర్థమవుతుంది. న్యాయమూర్తి తన నిర్ణయం చెప్పేముందు ఉభయ పక్షాల వాదనలనూ పేరాలకు పేరాలు రాస్తారు. వెతుకులాటలో దొరికిన ఆ చక్కని పేరా ఓడిపోయిన న్యాయవాది వాదన కావచ్చు, కోర్టు దాన్ని పది పేజీల తర్వాత తోసిపుచ్చి ఉండవచ్చు. తీర్పు నిజమైనదే, సంఖ్య సరైనదే, పేరా కూడా అందులో ఉన్నదే. అయినా అది చట్టం కాదు. లేని తీర్పులు ఎప్పటికైనా పట్టుబడతాయి. ఇలా ఉన్న తీర్పుల్లోంచి తెంపుకొచ్చిన ముక్కలను పట్టుకోవడమే కష్టం. యంత్రం రాసిపెట్టిన సారాంశంతో సరిపెట్టుకునే కొద్దీ ఇవి పెరుగుతాయి.

లెక్కల వృత్తివారు ఈ సంగతిలో కొంత ముందున్నారనే చెప్పాలి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంతకాలు ఫోర్జరీ చేసి బ్యాంకులకు ధ్రువపత్రాలు ఇచ్చేవారి బెడద పెరిగినప్పుడు, వారి సంస్థ 2019లో ప్రతి పత్రానికీ యూడిన్ అనే, అంకెలూ అక్షరాలూ కలిసిన 18 స్థానాల గుర్తింపు సంఖ్యను తప్పనిసరి చేసింది. బ్యాంకు మేనేజరు ఆ సంఖ్య కొట్టి చూస్తే పత్రం అసలుదో నకిలీదో అక్కడికక్కడే తేలిపోతుంది. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎప్పుడు మార్చినా ఆ జాడ చెరగకుండా నమోదు కావాలన్న నిబంధన కూడా వచ్చింది. పద్దుల పుస్తకానికి ఉన్న ఈ కట్టడి కోర్టులో దాఖలయ్యే వాదనకు లేదు.

అయితే ఈ ఆన్‌లైన్ సౌకర్యం భారాన్ని ఎవరి నెత్తిన పెడుతోందో కూడా చూడాలి. కామారెడ్డిలోనో నరసరావుపేటలోనో ఒక హార్డ్‌వేర్ దుకాణదారుణ్ని ఊహించుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన ఈమెయిలు తనది కాదు, కన్సల్టెంటుది. పోర్టల్‌లోకి తాను ఎన్నడూ వెళ్లలేదు. పన్ను అధికారులు నోటీసు అక్కడ పెట్టారు, గడువు దాటింది, ఉత్తర్వూ అక్కడే పెట్టారు. అప్పీలుకు చట్టం ఇచ్చేది మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో నెల. బ్యాంకు ఖాతా స్తంభించిన రోజున గానీ ఆయనకు విషయం తెలియదు. ఒక దశలో పోర్టల్‌లో నోటీసులకు ఒక చోటు, ‘అదనపు నోటీసుల’కు మరో చోటు ఉండేవి. రెండో దాన్ని తెరిచి చూడలేదని వ్యాపారులు మద్రాసు, ఢిల్లీ హైకోర్టుల మెట్లెక్కి ఊరట పొందిన సందర్భాలున్నాయి. తర్వాత ఆ రెండింటినీ ఒకే చోటికి చేర్చారు. గడపదాకా వచ్చి సంతకం తీసుకుని కాగితం చేతికిచ్చే పోస్ట్‌మ్యాన్ పనిని ఇలా నిశ్శబ్దంగా దుకాణదారుకే అప్పగించారు. జీతం మాత్రం ఇవ్వలేదు.

భాష మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే అప్పీలుకు అనుమతి ఇచ్చామని అర్థం. దాన్ని యంత్రం హిందీలోకి ‘సెలవు మంజూరు’ అనే అర్థంలో అనువదించిందని సుప్రీంకోర్టు న్యాయమూర్తే ఒకరు చెప్పారు. తెలుగులో తీర్పులు రావడం మాకు ఎంతో సంతోషం. వాటిని చట్టం తెలిసిన మనిషి ఒకసారి చదివి వదిలితే ఇంకా సంతోషిస్తాం.

కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా న్యాయవ్యవస్థకు ఒక విధానం ప్రకటించింది. కృత్రిమ మేధను నిర్ణయాలకు వాడరాదని, వాడిన చోట మనిషి సరిచూడాలని అందులో చెప్పింది. అమరావతి, హైదరాబాద్ హైకోర్టులు ఇంకొంచెం కచ్చితంగా ఉండాలని మా అభిప్రాయం. తీర్పులకు ఇప్పుడు ప్రచురణకర్తలతో నిమిత్తం లేని అధికారిక సంఖ్యలున్నాయి. ఉటంకించిన ప్రతి తీర్పుకూ ఆ సంఖ్య రాయాలని, ఆధారపడిన పేరాతో పాటు దాని ముందు వెనుకల పేజీలను అధికారిక ప్రతి నుంచే జతచేయాలని, మొత్తం చదివానని న్యాయవాది కింద సంతకం చేయాలని నిబంధన పెట్టవచ్చు. మదింపు అధికారికీ ట్రైబ్యునల్ సభ్యులకూ ఇదే వర్తించాలి. ఆ పని తేల్చవలసింది హైకోర్టులు కాదు, అధికారి విషయంలో ఆర్థిక శాఖ, ట్రైబ్యునల్ విషయంలో న్యాయ శాఖ. దీనికి కొత్త యంత్రాలూ బడ్జెట్టూ అక్కర్లేదు. ఖర్చయ్యేది నాలుగు జిరాక్సు కాగితాలు, జూనియర్ది ఒక గంట.

ఇక నోటీసు విషయం. పోర్టల్‌లో పెట్టడాన్ని ఒక మార్గంగా చట్టమే అంగీకరిస్తోంది కాబట్టి దాన్ని తీసేయమని మేము అనడం లేదు. స్పందన రాకపోతే ఉత్తర్వు జారీ చేసేముందు ఒక్క స్పీడ్ పోస్టు పంపాలని, ఉత్తర్వునూ అలాగే పంపి అప్పీలు గడువును ఆ కవరు అందిన తేదీ నుంచే లెక్కించాలని మాత్రం కోరుతున్నాం.