గర్భంలో షుగర్: వంశానిది ఎంత, అలవాట్లది ఎంత?

ఒకే తల్లిదండ్రులకు పుట్టిన ఇద్దరు పిల్లలు. అక్క పుట్టేనాటికి తల్లికి షుగర్ లేదు. తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఉంది. పెద్దయ్యాక ఇద్దరిలో ఎవరికి మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ? అమెరికాలోని అరిజోనాలో పీమా తెగ కుటుంబాలను దశాబ్దాలపాటు గమనించిన పరిశోధకులు 2000లో దీనికి జవాబు చెప్పారు. తమ్ముడికే ఎక్కువ, అదీ చాలా ఎక్కువ. తండ్రికి షుగర్ రాకముందు పుట్టినవారికీ, వచ్చాక పుట్టినవారికీ మధ్య మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. కారణమంతా జన్యువులదే అయితే తల్లి విషయంలోనూ తేడా ఉండకూడదు కదా.

‘మా ఇంట్లో అందరికీ ఉంది, నాకూ రాసిపెట్టి ఉంది’ అనే మాటను అందుకే ఒప్పుకోలేం. వంశపారంపర్యం అని ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ అందులో మూడు కలిసి ఉన్నాయి: జన్యువు, తల్లి గర్భం, ఇంటి వంట. వీటిలో మన చేతిలో లేనిది మొదటిదొక్కటే.

ముందు దాని సంగతి చూద్దాం. అయిదో నెల దాటాక మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. బిడ్డకు చక్కెర అందడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. దీన్ని తట్టుకోవాలంటే తల్లి క్లోమం మామూలుకంటే రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారు చేయాలి. ఎంటీఎన్ఆర్1బీ, టీసీఎఫ్7ఎల్2 వంటి జన్యువుల్లో కొన్ని మార్పులు ఉన్నవారి క్లోమం ఈ అదనపు బరువును అంతగా మోయలేదు. ఒక్కో జన్యువు ప్రభావం చిన్నదే. చాలా కలిస్తేనే ముప్పు తెలిసేంతగా పెరుగుతుంది. జీసీకే జన్యువుది వేరే దారి. అందులో లోపం ఉంటే పుట్టుక నుంచీ పరగడుపు షుగర్ కొంచెం ఎక్కువగానే ఉంటుంది, చాలాసార్లు గర్భంలో చేసిన పరీక్షలోనే తొలిసారి బయటపడుతుంది. ఇంట్లో చాలామందికి కొద్దిపాటి పరగడుపు షుగర్ ఉండి, ఏళ్లు గడిచినా పెరగకపోతే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పాలి, ఎందుకంటే వైద్యం మారిపోతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. కుటుంబ చరిత్ర అడిగితే అత్తింటివారు ‘మా వైపు ఎవరికీ లేదు’ అంటారు. గర్భిణి షుగర్‌కు చూడాల్సింది ఆమె పుట్టింటి వైపు: అమ్మ, నాన్న, తోబుట్టువులు. భర్త వైపు చరిత్ర పుట్టబోయే బిడ్డకు సంబంధించింది.

ఇక వంటిల్లు. ‘ఇద్దరి కోసం తినాలి’ అనే మాట చేసినంత చేటు మిఠాయిలు కూడా చేయవు. నాలుగో నెల నుంచి అదనంగా కావాల్సింది రోజుకు సుమారు 350 కేలరీలు. అంటే రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలు. అంతే. పొద్దున పూట ఇన్సులిన్ పనితనం ఇంకా తక్కువగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం తింటే పెద్దగా పెరగని షుగర్, అదే తిండి ఉదయం తింటే ఎగబాకుతుంది. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ బదులు ఒక పెసరట్టు, గుడ్డు తింటే గంట తర్వాత మీటర్‌లో అంకె చాలామందికి తగ్గి కనిపిస్తుంది. రాగి జావ మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగిస్తుంటారు. రాగులు మంచివే. కానీ మెత్తగా పిండి పట్టి, పలచగా కాచిన జావ నమలాల్సిన పని లేకుండా త్వరగా అరిగి షుగర్‌ను పెంచుతుంది. రాగి సంకటిని పప్పుతోనో ఆకుకూరతోనో కొద్దిగా తినడం మేలు. పండ్ల రసం వద్దు, పండే తినాలి. అలాగని భయపడి అన్నం పూర్తిగా మానేయడమూ తప్పే. పిండి పదార్థం రోజుకు కనీసం 175 గ్రాములు ఉండాలి, లేకపోతే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే కీటోన్లు అనే పదార్థాలు పెరుగుతాయి. డాక్టర్ విశ్రాంతి చెప్పని వారైతే తిన్న తర్వాత 10, 15 నిమిషాలు నడవాలి.

అలవాట్లు మార్చుకుంటే నిజంగా ఆగుతుందా? ఫిన్లాండ్‌లో ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులపై చేసిన రాడియెల్ అధ్యయనంలో ఆహారం, వ్యాయామం మీద సలహా పొందినవారికి గర్భ మధుమేహం 39 శాతం తక్కువగా వచ్చింది. బ్రిటన్‌లో 1,555 మంది స్థూలకాయ గర్భిణులతో చేసిన అప్‌బీట్ అధ్యయనంలో మాత్రం అది తగ్గలేదు. మా అంచనాలో తేడాకు ఒక కారణం, ఎప్పుడు మొదలుపెట్టామన్నది. మాయ హార్మోన్లు పుంజుకున్నాక మొదలుపెడితే చేతికందే ఫలితం తక్కువ. పుట్టింట్లో షుగర్ ఉన్న అమ్మాయికి ఈ మాట పెళ్లినాడే చెప్పాలి, ఆరో నెలలో కాదు.

పరీక్ష విషయానికి వద్దాం. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి 5 నుంచి 10 నిమిషాల్లో తాగాలి. 2 గంటల తర్వాత 140 లేదా అంతకు మించి ఉంటే గర్భ మధుమేహమే. అరగంట లోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. తొలి చెకప్‌లో ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి చేయాలి. మన దగ్గర తప్పిపోయేది ఈ రెండోదే. సీమంతం చేసి పుట్టింటికి పంపడం చాలా ఇళ్లలో ఏడో నెలలో జరుగుతుంది. ఆస్పత్రి మారుతుంది, పాత రిపోర్టులో ‘నార్మల్’ అని ఉంటుంది, కొత్త డాక్టర్ అడగరు, వీళ్లూ చెప్పరు. బండెక్కే ముందే రెండో పరీక్ష అయిందో లేదో చూసుకోవాలి.

షుగర్ ఉందని తేలితే ముందు 2 వారాలు ఆహార నియమం. అప్పటికీ తిన్న 2 గంటలకు 120 దాటుతుంటే మందులో ఇన్సులినో మొదలవుతాయి. ఇన్సులిన్ అనగానే చాలామంది బిడ్డకేమవుతుందోనని భయపడతారు. ఆ ఇన్సులిన్ మాయను దాటి లోపలికి వెళ్లదు, తల్లి రక్తంలోని చక్కెర మాత్రం వెళుతుంది. దాన్ని అరిగించడానికి బిడ్డ క్లోమం అతిగా పనిచేసి బిడ్డ బరువు పెరుగుతుంది, పుట్టిన కొన్ని గంటల్లో ఆ బిడ్డకే షుగర్ పడిపోతుంది.

కాన్పుతో షుగర్ పోయిందని కార్డు పక్కన పడేస్తారు. గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో మధుమేహం వచ్చే ముప్పు మిగతావారికంటే ఏడు రెట్లకు పైనే. కాన్పైన 6 వారాలకు పరగడుపున మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటలకు 140 లోపు ఉండాలి. బిడ్డకు పెంటా టీకా మొదటి డోసు వేయించేదీ ఆ 6 వారాలకే. బిడ్డ టీకా ఎవరూ మరిచిపోరు. అదే రోజు పొద్దున్నే బాలింతను కూడా ఏమీ తినకుండా తీసుకెళ్లి, టీకా కార్డుతో పాటు ఆమె పాత షుగర్ రిపోర్టు కూడా డాక్టర్‌కు చూపించండి.