ప్రసంగం ముగిశాక పాస్టరు కూర్చోవాలి

పాస్టరు లేకుండా మౌనంగా కూర్చుని ఆరాధించే క్రైస్తవ శాఖగా మొదలైన క్వేకర్లకు పాస్టరేమిటని చరిత్ర తెలిసినవాళ్లు ఇప్పటికీ ముక్కున వేలేసుకుంటారు. జీతం తీసుకుని వాక్యం చెప్పేవాడు కూలివాడని 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఊరూరా చాటి, చర్చికి దశమభాగం కట్టేది లేదని జైళ్లకు వెళ్లినవాళ్ల వారసులు వీళ్లు. అయినా ఇవాళ ప్రపంచంలో ఉన్న సుమారు 4 లక్షల మంది క్వేకర్లలో ఎక్కువమంది ఆదివారం నాడు వినేది పాస్టరు ప్రసంగమే. ఇది పతనమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రసంగం చెప్పేవాళ్లందరూ నేర్చుకోవలసిన పని ఒకటి క్వేకరు పాస్టరుకు తెలుసు. చెప్పాల్సింది చెప్పి, సంఘం మధ్యలో మౌనంగా కూర్చోవడమే ఆ పని.

పాస్టర్లు ఎలా వచ్చారన్నది పెద్ద రహస్యమేమీ కాదు. 1870ల్లో అమెరికాలోని ఇండియానా, అయోవా ప్రాంతాల్లో ఉజ్జీవ కూటాలు జరిగి వేలమంది కొత్తగా చేరారు. గంటసేపు మాటా పలుకూ లేకుండా కూర్చునే అలవాటు వాళ్లకు లేదు. బైబిలు నేర్పడానికి, జబ్బుపడినవాళ్ల ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడానికి ఎవరో ఒకరు కావాల్సి వచ్చారు. 1902లో అమెరికా మిషనరీలు కెన్యాలోని కైమోసిలో అడుగుపెట్టారు. ఇప్పుడు మరే దేశంలోనూ లేనంతమంది క్వేకర్లు కెన్యాలోనే ఉన్నారు.

ఇలాంటి సంఘంలో ఆరాధన మనకు తెలిసిన తీరులోనే సాగుతుంది. పాటలు, ప్రార్థన, కానుకలు, వాక్యం. అసలు తేడా ఆ తర్వాత కనిపిస్తుంది. ప్రసంగం అవగానే ముగింపు పాట ఎత్తుకోరు. పాస్టరు వచ్చి కూర్చుంటాడు, వాద్యాలు ఆగిపోతాయి, ఇక అందరూ మౌనం. అందులో ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్లు లేచి మాట్లాడొచ్చు. ఇప్పుడే విన్న వాక్యం మీద ఒక రైతు లేచి, "శత్రువును ప్రేమించమన్నారు. పొలం గట్టు దగ్గర గొడవైనప్పటి నుంచి నేను మా అన్నతో మాట్లాడటం లేదు" అని కూర్చుండిపోవచ్చు. పాస్టరు దానికి వ్యాఖ్యానం చెప్పడు. పక్కవాళ్లు వాదన పెట్టుకోరు. మళ్లీ మౌనం. కొన్ని వారాలు ఎవరూ లేవరు. లేవలేదని ఆరాధన జరగనట్టు కాదు.

ఈ పద్ధతికి మూలం 1652లో ఇంగ్లండులోని అల్వర్‌స్టన్ చర్చిలో ఉంది. అక్కడ క్వేకర్ల ఉద్యమానికి ఆద్యుడైన జార్జ్ ఫాక్స్ లేచి అడిగిన ప్రశ్నను, ఆ రోజు విని క్వేకరైన మార్గరెట్ ఫెల్ తర్వాత గుర్తుచేసుకుంది: "క్రీస్తు ఇలా అన్నాడంటారు, అపొస్తలులు ఇలా అన్నారంటారు. మరి నువ్వేం చెప్పగలవు?" ఆ మాట వింటూ తన స్థానంలో లేచి నిలబడిన ఆమె, మళ్లీ కూలబడి ఏడ్చింది. మనమంతా దొంగలం, లేఖనాలను మాటలుగా పట్టుకున్నాం తప్ప మనలో వాటిని ఎరగమని ఆమె హృదయం మొరపెట్టింది. ప్రసంగం మీద ఇంతకన్నా కఠినమైన పరీక్ష నాకు తెలియదు. విన్నవాడి నోట అతని సొంత మాట ఒక్కటైనా పుట్టించిందా అన్నదే ఆ పరీక్ష. ఆ మాట పుట్టడానికి సమయం ఇవ్వకుండా గంటన్నర ప్రసంగించి, ఆమెన్ చెప్పించి, ప్రకటనలు చదివి పంపించేస్తే ఫలితం తెలిసేదెలా?

మాట్లాడేవాడి మీద కూడా ఈ మౌనం బరువు మోపుతుంది. 18వ శతాబ్దపు అమెరికాలో, న్యూజెర్సీకి చెందిన క్వేకరు దర్జీ జాన్ వుల్మన్ యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఆరాధనలో లేచి, తనకు అందినదానికన్నా నాలుగు మాటలు ఎక్కువ చెప్పాడు. అందుకు కొన్ని వారాల పాటు మనసు నలిగిపోయిందని తన డైరీలో రాసుకున్నాడు. నాలుగు మాటలకే అంత వేదన! అదే మనిషి తర్వాత బానిసలున్న క్వేకర్ల ఇళ్లకు స్వయంగా వెళ్లి, వాళ్ల ఎదుట కూర్చుని, బానిసలను విడిచిపెట్టమని మెల్లగా అడిగాడు. 1776 నాటికి ఫిలడెల్ఫియా ప్రాంతపు క్వేకర్ల వార్షిక సభ, బానిసలను ఉంచుకునేవారికి సభ్యత్వం ఉండదని తేల్చింది. వేదిక మీది గర్జన వల్ల ఇది జరగలేదు.

మౌనమిస్తే వాగుడుకాయలే లేస్తారని, మౌనంగా కూర్చునే బ్రిటన్ సంఘాలు తగ్గిపోతుంటే పాటలూ ప్రసంగాలూ ఉన్న కెన్యా సంఘాలు నిండుతున్నాయని అభ్యంతరం చెబుతారు. రెండూ నిజమే. అందుకే ప్రసంగాన్ని తీసేయమని నేను అనడం లేదు. పాస్టరు సంఘాలు చాలాచోట్ల ఈ మౌనాన్ని ఒకటి రెండు నిమిషాలకు కుదించేశాయి. నా బాధ దాని గురించే.

ఇది మనకు అంత కొత్త సంగతీ కాదు. 1836లో వచ్చి బందరు, నరసాపురం ప్రాంతాల్లో పనిచేసిన బౌడెన్, బీర్ దంపతుల కాలం నుంచి గోదావరి డెల్టాలో బ్రదరిన్ సంఘాలున్నాయి. రొట్టె విరిచే కూడికలో ఏ సహోదరుడైనా లేచి కీర్తన నంబరు చెప్పొచ్చు, వాక్యం చదవొచ్చు, ప్రార్థించొచ్చు. పాస్టరు ఒక్కడే మాట్లాడాలన్న నియమం లేకుండా తెలుగు విశ్వాసులు తరతరాలుగా ఆరాధిస్తున్నారు. అయితే లేచే హక్కు సాధారణంగా సహోదరులకే. ముసుగు వేసుకుని వెనక కూర్చున్న సహోదరీలకు లేదు.

క్వేకర్లు మనకంటే ఎంత ముందున్నారో ఇక్కడే తెలుస్తుంది. 1666లో లాంకాస్టర్ జైల్లో ఉండగానే మార్గరెట్ ఫెల్, స్త్రీలు సంఘంలో మాట్లాడటం లేఖనానుసారమేనని వాదిస్తూ ఒక చిన్న పుస్తకం రాసింది. పునరుత్థాన వార్తను మొదట చాటింది స్త్రీలేనని గుర్తుచేసింది. వాళ్ల సంప్రదాయంలో పాస్టరుకు అభిషేకం ఉండదు. ఫలానా మనిషికి వాక్యం చెప్పే వరం ఉందని సంఘం గమనించి నమోదు చేసుకుంటుంది, అంతే. వరం ముందు, గుర్తింపు వెనక. అలాంటప్పుడు ఆ వరం ఆడమనిషిలో కనిపిస్తే కాదనడానికి ఏ ఆధారం ఉంటుంది?

మన చర్చిల్లో చాపల మీద కూర్చునేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. ఉపవాస ప్రార్థనలు నడిపేది వాళ్లు, జబ్బుపడిన ఇంటికి మొదట వెళ్లేది వాళ్లు. మైకు మాత్రం అయ్యగారిది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాలలో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) బిషప్ అయ్యారు. ఆ సంఘంలో ఆ పీఠం ఎక్కిన మొదటి మహిళ ఆమె, మన తెలుగు మనిషి. స్త్రీ బిషప్ కాగలిగిన నేల మీద, ప్రసంగం అయ్యాక పది నిమిషాలు మైకు కట్టేసి, వెనక వరుసలో ఉన్న అమ్మను కూడా "నువ్వేం చెప్పగలవు?" అని అడగడానికి ఏ డినామినేషన్ అనుమతీ అక్కర్లేదు. వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు.